మార్క్స్ బొమ్మ కింద ఇద్దరు కుర్రాళ్లు

ఒక ఐఏఎస్ అధికారి కొడుకు గదిలో కార్ల్ మార్క్స్ బొమ్మ తగిలించారు. అది చూసి, సంస్కృతం బాగా చదువుకున్న తల్లి ఊరుకోకుండా లక్ష్మీదేవి బొమ్మ తెచ్చి పెట్టారు. కొడుకుకి ఈ ఇద్దరూ అక్కర్లేదు. అతనికి కావలసింది హైదరాబాద్ క్రికెటర్ ఎం.ఎల్. జయసింహ బొమ్మ. సత్య నాదెళ్ల ‘హిట్ రిఫ్రెష్’ మొదటి అధ్యాయంలో చెప్పుకున్న ముచ్చట ఇది. ఇంచుమించు ఆ రోజుల్లోనే హెల్సింకీలో ఇంకో కుర్రాడు మార్క్స్‌తో ఇంకో రకంగా ఇబ్బంది పడుతున్నాడు. అతని తండ్రి పాత్రికేయుడు, కమ్యూనిస్టు, మాస్కోలో కొంతకాలం చదువుకుని వచ్చినవాడు. బడిలో తోటిపిల్లల ముందు ఆ సంగతి తలవంపులుగా ఉండేదని లైనస్ టోర్వాల్డ్స్ ‘జస్ట్ ఫర్ ఫన్’లో రాసుకున్నాడు.

ఇద్దరికీ వయసులో తేడా రెండేళ్లు కొంచెం పైన. నాదెళ్ల పుట్టింది 1967 ఆగస్టులో, టోర్వాల్డ్స్ 1969 డిసెంబరులో. ఇద్దరూ పుస్తకం ఒంటిచేత్తో రాయలేదు. టోర్వాల్డ్స్‌కు డేవిడ్ డైమండ్ తోడయ్యాడు, నాదెళ్లకు గ్రెగ్ షా, జిల్ ట్రేసీ నికోల్స్. అసలు తేడా పుస్తకం రాసిన వయసులో ఉంది. 2001లో తన పుస్తకం వచ్చేనాటికి టోర్వాల్డ్స్‌కు 31 ఏళ్లు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మొదలుపెట్టి అప్పటికి పదేళ్లే. చేతికంటిన మసి ఇంకా వదల్లేదు. నాదెళ్ల పుస్తకం 2017లో వచ్చింది. అప్పటికి అతనికి యాభై నిండాయి, మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టి మూడేళ్లు దాటింది. ఆ కుర్చీలోంచి వెనక్కి తిరిగి చూసేవాడికి పాతికేళ్లనాటి కుర్రాడు ఎలా కనిపిస్తాడో అలాగే కనిపించాడు. ఆ కుర్రాడు ఏ పని చేసినా ఈ కుర్చీ వైపే నడుస్తున్నట్టు ఉంటుంది.

నేను ఇక్కడ చూడదలచింది రెండు పుస్తకాల్లోనూ తొలి భాగాన్నే. ఇల్లు, చదువు, మొదటి ఉద్యోగం, వాటి పక్కనే నడిచిన ఇష్టాలు. మైక్రోసాఫ్ట్‌ను ఎలా మార్చారు, ఓపెన్ సోర్స్ ఎందుకు గెలిచింది లాంటి విషయాలు వేరే చోట బోలెడు దొరుకుతాయి.

ముందు ఇళ్ల సంగతి. మన దగ్గర నాదెళ్ల కథను చెప్పే తీరు ఒకటుంది. బేగంపేటలో బడి, ఐఐటీ ప్రవేశ పరీక్షలో తప్పడం, మణిపాల్‌లో ఇంజనీరింగ్, అయినా ప్రపంచ శిఖరం ఎక్కడం. మధ్యతరగతి కుర్రాడు కష్టపడి పైకొచ్చాడన్న అర్థం వచ్చేలా చెబుతారు. పుస్తకం మాత్రం ఆ మాట అనదు, ఆ మేరకు అది నిజాయితీగానే ఉంది. తండ్రి బి.ఎన్. యుగంధర్ అనంతపురం జిల్లా నుంచి వచ్చి 1962 బ్యాచ్ ఐఏఎస్ అయ్యారు. ముస్సోరీలో ఐఏఎస్‌లకు శిక్షణ ఇచ్చే అకాడమీకి డైరెక్టరుగా పనిచేశారు, తర్వాతి కాలంలో ప్రణాళికా సంఘం సభ్యులు కూడా. కొడుకు చదివిన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కళాశాలగా మొదలైంది. అడోబీ శాంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్‌ను నడిపిన అజయ్ బంగా అక్కడివాళ్లే. ఇంత గట్టి పునాదిని సామాన్యుడి గుడిసె అనుకోవడం పాఠకుల సరదా తప్ప రచయిత చెప్పింది కాదు.

హెల్సింకీ ఇల్లు డబ్బులో ఇంతకంటే చిన్నది. తల్లిదండ్రులు విడిపోయారు. తల్లీ పాత్రికేయురాలే. ఫిన్లాండ్‌లో అయిదు శాతం మాత్రమే ఉన్న స్వీడిష్ మాట్లాడే కుటుంబం. కానీ చదువులో ఏమాత్రం చిన్నది కాదు. తల్లి తండ్రి లియో టోర్న్‌క్విస్ట్ హెల్సింకీ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర ఆచార్యుడు. ధరల సూచీలు లెక్కగట్టే పద్ధతుల్లో ఈనాటికీ ఆయన పేరుతో ఒక సూచీ ఉంది. నాన్నవైపు తాత కవి. అమ్మవైపు తాత ఒళ్లో కూర్చుని మనవడు కంప్యూటర్ నేర్చుకున్నాడంటే ఆ తాత ఎవరో కూడా చెప్పుకోవాలి. టోర్వాల్డ్స్ చెప్పాడు, దాచలేదు. అయితే తాత ఆచార్యుడు కావడం వల్ల తనకు దక్కిందేమిటో నిలబడి ఆలోచించడు. చిన్నప్పుడు తాను అందవికారంగా ఉండేవాడినని, ముక్కు పెద్దదని, స్నేహితులు తక్కువని నవ్వుకుంటూ సాగిపోతాడు. తనమీద తాను వేసుకునే జోకులు ఎక్కువైన చోట, వాటి వెనక ఏదో దాటేస్తున్నాడన్న అనుమానం నాకు వచ్చింది.

ఇక యంత్రం. ఇక్కడ ఒక చక్కని కాకతాళీయం ఉంది. ఇద్దరి జీవితాల్లోనూ సింక్లెయిర్ కంపెనీ పెట్టెలున్నాయి. నాదెళ్లకు పదిహేనేళ్ల ప్రాయంలో తండ్రి బ్యాంకాక్ నుంచి జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ తెచ్చిపెట్టారు. టోర్వాల్డ్స్ ముందు తాతగారి కమోడోర్ వీఐసీ-20 మీద చేయి తిప్పుకున్నాడు. అందులో ఉన్న జ్ఞాపకశక్తి అయిదు కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ అందులో పట్టదు. తర్వాత సొంత డబ్బు కూడబెట్టి సింక్లెయిర్ క్యూఎల్ కొన్నాడు.

స్పెక్ట్రమ్ గురించి నాదెళ్ల ఏం చెప్పాడని చూస్తే, అది తనకు స్ఫూర్తినిచ్చిందని, సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదో ఆలోచింపజేసిందని ఉంటుంది. ఆ పెట్టె మీద అతను ఏం రాశాడు? ఏది పని చేయలేదు? క్యాసెట్ టేపులోంచి ప్రోగ్రాం ఎక్కకపోతే ఎంతసేపు కూర్చున్నాడు? అవేవీ లేవు. టోర్వాల్డ్స్ క్యూఎల్ విషయంలో ఇలా ఉండదు. ఫిన్లాండ్‌లో ఆ యంత్రానికి సాఫ్ట్‌వేర్ దొరకడం కష్టం కాబట్టి అసెంబ్లరు తనే రాసుకున్నాడు, ఎడిటరు తనే రాసుకున్నాడు. ఫ్లాపీ కంట్రోలర్‌తో వచ్చిన డ్రైవరు నచ్చక దాన్నీ తిరగరాశాడు. ఎవరికీ అమ్మలేదు, ఎవరూ అడగలేదు. సరిగ్గా ఇటువంటి అల్లరి పనులే అతన్ని ఇంజనీరును చేశాయని చదివేవాడికి తెలుస్తుంది. రచయిత ఆ మాట చెప్పనక్కర్లేకపోయింది.

1991 జనవరిలో అతను వాయిదాల మీద ఒక 386 పీసీ కొన్న దగ్గర్నుంచి వచ్చే పేజీలు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తొలి రోజుల గురించి నేను చదివినవాటిలో మేలైనవి. ఆండ్రూ టానెన్‌బామ్ పుస్తకం చదివి, ఆయనే రాసిన మినిక్స్ ఆపరేటింగ్ సిస్టం తెప్పించుకున్నాడు. ప్రాసెసరు రెండు పనుల మధ్య ఎలా మారుతుందో చూద్దామని చిన్న ప్రోగ్రాం రాశాడు. ఒక పని తెర మీద ‘ఏ’ అక్షరాలు రాస్తూ పోతుంది, రెండోది ‘బి’ అక్షరాలు. తెర మీద వరుసగా ఏలు, ఆ తర్వాత బిలు, మళ్లీ ఏలు. చూసేవాడికి అందులో ఏమీ లేదు. రాసినవాడికి మాత్రం అది పండగే, ఎందుకంటే గడియారం తిప్పినట్టు పని మారుతోందని దానివల్లే తెలుస్తుంది. తర్వాత ఆ ఏలను, బిలను మార్చి ఒక పని మోడెం నుంచి చదివేలా, ఇంకోటి కీబోర్డు నుంచి చదివేలా చేశాడు. ఇంట్లో కూర్చునే విశ్వవిద్యాలయం కంప్యూటరుతో మాట్లాడడం సాధ్యమైంది. అక్కడి నుంచి ఫైళ్లు దింపుకోవాలంటే డిస్కు డ్రైవరు కావాలి. డిస్కు ఉంటే ఫైల్ సిస్టం కావాలి. ఒకదాని వెంట ఒకటి తగులుకుని, ఆ ఏడాది ఆగస్టు 25న మినిక్స్ వాడేవాళ్లకు తాను ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని, అది సరదా పనేనని ఉత్తరం పెట్టేదాకా వచ్చింది. సెప్టెంబరులో బయటికి వదిలిన తొలి రూపంలో ఉన్నది సుమారు పదివేల వరుసల కోడు.

ఆ భాగంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒక పొరపాటు. విశ్వవిద్యాలయానికి తనంతట తానే డయల్ చేసేలా ప్రోగ్రాంను అమరుస్తూ, మోడెంకు వెళ్లాల్సిన ఆదేశాలను హార్డ్‌డిస్కుకు పంపించాడు. డిస్కు ఫోన్ చేయదు కదా, వచ్చిన అంకెలను తన మీదే రాసుకుంది. మినిక్స్ ఉన్న భాగం పాడైపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకోవాలా, తన సొంత సిస్టంతోనే సరిపెట్టుకోవాలా అన్న ప్రశ్న వచ్చింది. రెండోదానికే మొగ్గాడు. లైనక్స్ చరిత్రలో ఒక మలుపు ఇలా ఒక తప్పు చిరునామా వల్ల వచ్చింది. ఇందులోంచి ‘వైఫల్యమే విజయానికి తొలిమెట్టు’ అని పిండుకోవడం ఎంత తేలికో చూడండి. టోర్వాల్డ్స్ పిండలేదు. విసుక్కుని, నవ్వుకుని, తర్వాతి పేజీకి వెళ్లాడు.

నాదెళ్ల ఉద్యోగ జీవితానికి వద్దాం. మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్, గ్రాఫ్ కలరింగ్ అనే క్లిష్టమైన సమస్య మీద థీసిస్, సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉద్యోగం, 1992లో మైక్రోసాఫ్ట్. అక్కడ చేరాక విండోస్ ఎన్‌టీని కస్టమర్లకు పరిచయం చేసే పని. శుక్రవారం రాత్రి విమానమెక్కి చికాగోలో ఎంబీఏ క్లాసులు విని సోమవారానికి రెడ్‌మండ్ చేరుకోవడం. ఆ ఓపికకు దండం పెట్టాలి. టోర్వాల్డ్స్ ఇందుకు పూర్తిగా ఎదురు: 1988లో విశ్వవిద్యాలయంలో చేరినవాడు మాస్టర్స్ పూర్తి చేసేసరికి ఎనిమిదేళ్లు దాటింది, థీసిస్ అంశం కూడా లైనక్సే. మధ్యలో సైన్యంలో పదకొండు నెలలు పోయాయనుకున్నా అంత ఆలస్యానికి సంజాయిషీ లేదు, అతను చెప్పనూ లేదు.

కానీ నాదెళ్ల రాసిన తొలి ఏళ్లలో గుర్తుండిపోయే బగ్ ఒక్కటీ లేదు. తెల్లవారుజాము దాకా వేధించిన లోపం గానీ, అందరి ముందూ ఆగిపోయిన డెమో గానీ, మేనేజరు తిప్పికొట్టిన కోడు గానీ కనిపించవు. ఉద్యోగాల పేర్లున్నాయి, చేతిపని లేదు. సీఈఓకు చేతిపని గుర్తుండకపోవడం సహజమే. అయినా ఇంజనీరింగ్ కుర్రాళ్లకు కానుకగా ఇచ్చే పుస్తకంలో అది లోటే.

దానికి బదులు అతని పుస్తకంలో ఇంకొకటుంది, అది టోర్వాల్డ్స్ దగ్గర దొరకదు. గ్రీన్‌కార్డు కథ. నాదెళ్లకు అప్పటికే గ్రీన్‌కార్డు వచ్చింది. పెళ్లి చేసుకున్న అనుపమ, తండ్రిగారి ఐఏఎస్ సహచరుడి కూతురు, ఇండియాలో ఉండిపోయింది. శాశ్వత నివాసి భార్యకు వీసా రావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. చిత్రమేమిటంటే అదే మనిషి తాత్కాలికంగా హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉంటే భార్యను వెంటనే తెచ్చుకోవచ్చు. చట్టంలో పై మెట్టు మీదున్నవాడికి లేని సౌకర్యం కింది మెట్టువాడికి ఉంది. 1994లో నాదెళ్ల ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి, గ్రీన్‌కార్డు వెనక్కిచ్చేస్తానన్నాడు. కౌంటరులో కూర్చున్న మనిషికి ముందు అర్థమే కాలేదు. అందరూ దానికోసం వరుసలో నిలబడేచోట ఇతను వదిలేస్తానంటున్నాడు. చివరికి హెచ్-1బి తీసుకుని, భార్యను తీసుకుని రెడ్‌మండ్ చేరాడు. గ్రీన్‌కార్డు వదులుకున్నవాడన్న పేరు ఆఫీసంతా పాకింది.

ఈ పేజీలు ఎందుకు బలంగా ఉన్నాయంటే, అక్కడ నాదెళ్ల ఒక కాగితం పట్టుకుని, ఒక కిటికీ ముందు, ఒక గుమాస్తాతో మాట్లాడుతున్నాడు. చిన్న సంగతులన్నీ ఉన్నాయి. నాయకత్వ పాఠం తీద్దామన్నా అందులో ఇమడదు. అమెరికాలో ఉన్న తెలుగు ఇంట ఈ కథ చెబితే వివరించాల్సిన పని ఉండదు. హెచ్-1బి, దాని మీద వచ్చిన హెచ్-4, గ్రీన్‌కార్డుల్లో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి, పదేళ్లు దాటినా కదలని వరుస: పిల్లలకు కూడా ఈ మాటలు తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. 1994లో వెనక్కిచ్చిన కార్డును మళ్లీ సంపాదించుకోగలనన్న ధైర్యం ఆ రోజుల్లో ఒక మైక్రోసాఫ్ట్ ఇంజనీరుకు ఉండేది. ఇవాళ ఇర్వింగ్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న కుర్రాడికి ఆ లెక్క కుదరదు.

టోర్వాల్డ్స్ కూడా వలస వెళ్లినవాడే. 1997లో ట్రాన్స్‌మెటాలో ఉద్యోగానికి భార్యతో, పసిబిడ్డతో సిలికాన్ వ్యాలీ చేరాడు. కానీ అతని పుస్తకంలో ఆ ప్రయాణం ఎండ, కార్లు, ఇల్లు, ఎగతాళి. దేశం మారిన బరువు తెలియదు. కంపెనీయే ఎదురొచ్చి పిలుచుకుపోయినవాడికి కిటికీ ముందు నిలబడే అవసరం తక్కువ పడుతుంది.

ఇక ఇష్టాలు. రెజ్యూమేలో అడుగున ఒక వరుస ఉంటుంది కదా: హాబీలు, క్రికెట్ ఆడటం, పాటలు వినడం, పుస్తకాలు చదవడం. అమీర్‌పేటలో జిరాక్స్ షాపుల దగ్గర ఒకరి రెజ్యూమే ఇంకొకరు ఎక్కించుకునేటప్పుడు పేరు, ఫోన్ నంబరు మారతాయి గానీ ఆ వరుస మారదు. అది ఎవరూ చదవరని అందరికీ తెలుసు. ఈ రెండు పుస్తకాలకూ మాత్రం ఆ వరుసే ఆయువుపట్టు.

నాదెళ్లకు క్రికెట్ ప్రాణం. చిన్న కాలేజీలో చదివి, హైదరాబాద్‌కు ఆడి, బ్యాంకులో ఉద్యోగం చేసుకుందామన్నది ఒకప్పటి కోరికట. ఎంత ముద్దుగా ఉందో ఆ కోరిక! ఆ రోజుల్లో ఎందరు హైదరాబాదీ కుర్రాళ్లు స్టేట్ బ్యాంకు జట్టును తలుచుకుని అదే కలగన్నారో. అతను ఆఫ్‌స్పిన్ వేసేవాడు. ఒక మ్యాచ్‌లో తన బౌలింగ్‌ను చితకబాదుతుంటే కెప్టెన్ తనే బంతి తీసుకుని వికెట్ పడగొట్టి, వెంటనే బంతిని మళ్లీ నాదెళ్ల చేతికే ఇచ్చాడు. కుర్రాడి నమ్మకం చెదరకూడదని అలా చేశాడట. మంచి ఘట్టం. అయితే పుస్తకం దాన్ని అక్కడ వదిలెయ్యదు. క్రికెట్ నేర్పిన మూడు సూత్రాలంటూ వరుస కట్టి, వాటిని కంపెనీ నడపడానికి అన్వయిస్తుంది. పిచ్ ఎలా ఉంది? బంతి తిరిగిందా? తన్నులు తిన్న ఓవరులో అతనికి ఏమనిపించింది? ఆటమీద అంత ప్రేమ ఉన్నవాడు ఆట గురించి ఇంత తక్కువ రాయడం నాకు మింగుడు పడలేదు. పెద్దబాలశిక్షలో కథ ముగియగానే నీతి వచ్చినట్టు, ఇక్కడ బంతి నేల తాకేలోగా పాఠం వచ్చేస్తుంది.

టోర్వాల్డ్స్‌కు ఇష్టం వేరు, పని వేరు కాదు. మందమైన తెరలు వేసిన గదిలో, పగలూ రాత్రీ తెలియకుండా కూర్చోవడమే అతని ఇష్టం. చీకటి గదిలో కంప్యూటరిచ్చి, అప్పుడప్పుడూ కాస్త ఎండు పాస్తా విసిరితే చాలు, బతికేస్తాడని తల్లి హాస్యమాడేదట. అమ్మాయితో పరిచయం కూడా అలాగే: తాను పాఠం చెప్పే తరగతిలో అందరినీ తనకు ఈమెయిల్ పంపమని హోంవర్క్ ఇస్తే, టోవే అనే అమ్మాయి తనతో బయటికి వస్తావా అని రాసింది. ఆమె ఆరుసార్లు ఫిన్లాండ్ కరాటే చాంపియన్, తర్వాత అతని భార్య. నేర్చుకోదగ్గ నీతి లేకుండా ఇలాంటివి చెప్పడంలోనే ఈ పుస్తకం రుచి ఉంది. నీతి చెప్పబోయిన చోట అదీ జారుతుంది. మనిషి ప్రతి పనినీ ముందు బతకడానికి, తర్వాత నలుగురితో కలవడానికి, చివరికి సరదాకి చేస్తాడన్న సిద్ధాంతాన్ని మొదట్లోనూ చివర్లోనూ ఊదరగొడతాడు. కారులో కూర్చుని కబుర్లాడుకోవడానికి బాగుంటుంది, పుస్తకాన్ని మోయలేనంత బలహీనం.

నాదెళ్ల పుస్తకానికి ముడిసరుకు సానుభూతి. 1992 ఇంటర్వ్యూలో రోజంతా కోడింగ్ ప్రశ్నలయ్యాక రిచర్డ్ టెయిట్ అనే ఆయన అడిగాడు: వీధిలో పసిబిడ్డ కిందపడి ఏడుస్తుంటే ఏం చేస్తావని. ఇందులో ఏదో మెలిక ఉందనుకుని, 911కు ఫోన్ చేస్తానన్నాడు నాదెళ్ల. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని గుండెకు హత్తుకోవాలయ్యా అని టెయిట్ సాగనంపాడు. నాలుగేళ్లకు, 1996లో, నాదెళ్ల కొడుకు జైన్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. ఇది మనకెందుకు జరిగిందన్న దిగులులో తాను మునిగి ఉండగా, ఆర్కిటెక్ట్ ఉద్యోగం చూసుకోవాల్సిన అనుపమ బిడ్డను థెరపీల చుట్టూ తిప్పుతుండేది. జరిగింది తనకు కాదు, జైన్‌కు అని తెలుసుకోవడానికి ఏళ్లు పట్టిందని ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోలు ముందు టెయిట్ ప్రశ్న చిన్నదైపోతుంది. తర్వాతి అధ్యాయాల్లో సానుభూతి ఒక వ్యాపార సూత్రంగా మారినప్పుడు మాత్రం నాకు ఈ పేజీలే గుర్తొచ్చి ఇబ్బంది కలిగింది.

ఈ పోలికకు 2018 ఒక అనుబంధం చేర్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో, లైనక్స్ కొత్త రూపం ఒకటి విడుదల చేస్తూ, టోర్వాల్డ్స్ ఏళ్లుగా తోటి ప్రోగ్రామర్లను తిడుతూ రాసిన ఈమెయిళ్లకు క్షమాపణ చెప్పుకున్నాడు. ఎదుటివారి మనసు పట్టుకోవడంలో తాను వెనకబడి ఉన్నానని, సాయం తీసుకుంటానని కొన్నాళ్లు పక్కకు జరిగాడు. 2001 పుస్తకంలో తిట్లూ జోకులూ ఒకే గొంతుతో వినిపించడం అప్పట్లో ఎవరికీ తప్పనిపించలేదు. ఇప్పుడు చదివితే, ఎగతాళి పేజీల్లో ఎదుటివాడు ఎక్కడున్నాడో వెతకాలనిపిస్తుంది. అదే 2018లో మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొంది. దానికి ఆధారమైన గిట్‌ను 2005లో మొదలుపెట్టింది టోర్వాల్డ్సే. 2001లో అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌కు లైనక్స్ అంటే ఇష్టమని వేదికెక్కి చెప్పాడు. గచ్చిబౌలిలో కొత్తగా చేరిన కుర్రాడు మొదటి వారంలోనే ఈ ఇద్దరి చేతిపనిలోనూ మునుగుతాడు, రెండు కథలూ అతనికి తెలియకపోయినా.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్న మేనల్లుడికి ఏది కొనిపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ‘జస్ట్ ఫర్ ఫన్’ అంటాను. మధ్యలో డైమండ్ రాసిన అధ్యాయాలు గబగబా తిప్పేసి, జీవితార్థం పేజీలు వదిలేసి, 1991 నాటి ఏలు, బిల దగ్గర నెమ్మదించమంటాను. అమెరికా వెళ్లే కాగితాలు సర్దుకుంటున్నవాడైతే ‘హిట్ రిఫ్రెష్’లో మొదటి అధ్యాయం చాలు. అందులోనూ క్రికెట్ సూత్రాలు దాటేసి, ఢిల్లీ కౌంటరు పేజీలు రెండుసార్లు చదవమంటాను.